వాసన వేరు, శుభ్రత వేరు

(గర్భిణులు, బాలింతలు, రోగుల వెంట వచ్చిన కుటుంబ సభ్యుల కొరకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)



మీలో కొందరు కాన్పుకు వచ్చిన కూతురి వెంట వచ్చారు. కొందరు భార్యకు థైరాయిడ్ పరీక్ష చేయించడానికి వచ్చారు. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు కలగలేదని చూపించుకోవడానికి వచ్చినవారూ ఉన్నారు. పేరు పిలిచేలోపు ఉన్న ఈ అరగంటలో మనకు ఉపయోగపడే ఒక విషయం మాట్లాడుకుందాం. దీనికి మందు చీటీ అక్కరలేదు. ఖర్చు కూడా లేదు. పైగా నెలకు నాలుగు రూపాయలు మిగులుతాయి.

ముందుగా ఒక చిన్న పని చేయండి. ఈ ఉదయం నుండి మీరు వాడిన వాసన వస్తువులు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టండి. ఒంటి సబ్బు, షాంపూ, తలనూనె, ముఖానికి క్రీము, పౌడరు, చంకలకు డియోడరెంటు, చొక్కా మీద సెంటు. బట్టలు ఉతికిన పొడిలో వాసన, జాడించిన నీళ్లలో వాసన, ఇల్లు తుడిచిన నీళ్లలో వాసన, గిన్నెల సబ్బులో నిమ్మకాయ వాసన. అగరుబత్తి. బాత్‌రూములో వేలాడదీసిన బిళ్ల. ఇక్కడికి వచ్చిన ఆటోలో అద్దం దగ్గర కట్టిన సీసా. రెండు చేతుల వేళ్లు చాలవు కదా! మన అమ్మమ్మల కాలంలో జడలో మల్లెపూలు, శుభకార్యానికి గంధం, పండుగకు కాస్త అత్తరు. అంతే ఉండేది.

ఇప్పుడు మనం పీల్చే ఈ వాసనల్లో ఎక్కువ భాగం పువ్వులనుండి వచ్చినవి కావు. ఫ్యాక్టరీలో రసాయనాలతో చేసినవి. వీటిలో కొన్ని మన శరీరంలోని హార్మోన్ల పనికి అడ్డుపడవచ్చునని పరిశోధనలు చెబుతున్నాయి. అందులో ఏది తేలింది, ఏది ఇంకా తేలలేదు, మనం ఇంట్లో ఏమి చేసుకోవచ్చు అన్నదే ఈనాటి మన సంగతి. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. తెలిసి మసలుకోవాలని చెబుతున్నాను.

హార్మోన్లు అంటే ఏమిటి?

మన శరీరంలో వినాళ గ్రంథులు ఉన్నాయి. తలలో పీయూష గ్రంథి, గొంతు దగ్గర థైరాయిడ్, పొట్టలో క్లోమం, మూత్రపిండాల మీద అధివృక్క గ్రంథులు, స్త్రీలకు అండాశయాలు, పురుషులకు వృషణాలు. ఇవి తయారుచేసి రక్తంలోకి వదిలే రసాలే హార్మోన్లు. ఇవి కబురు మోసే మనుషుల్లాంటివి. అన్నం తిన్న తరువాత చక్కెరను అదుపులో ఉంచమని ఒకటి చెబుతుంది. నెలసరి రమ్మని ఒకటి, గర్భాన్ని నిలబెట్టమని ఒకటి, కాన్పు తరువాత పాలు పడమని ఒకటి చెబుతాయి. మగపిల్లవాడికి మీసం రావడం, ఆడపిల్ల పెద్దమనిషి కావడం అన్నీ ఈ కబుర్ల మీదే నడుస్తాయి.

ఈ కబురు ఎంత చిన్నదో చూడండి. ల్యాబు రిపోర్టులో నానోగ్రాము, పికోగ్రాము అని రాసి ఉంటుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. ఇంత కొంచెంతోనే పని జరుగుతుంది కాబట్టి బయటినుండి వచ్చే కొంచెం రసాయనం కూడా కొన్నిసార్లు లెక్కలోకి వస్తుంది.

ప్రతి హార్మోనుకు ఒక తాళం ఉన్నట్లు, దానికి సరిపోయే చెవి ఆ హార్మోనే అన్నట్లు అనుకోండి. కొన్ని రసాయనాలు మారు తాళంచెవిలా దూరి, అవసరం లేనప్పుడు తలుపు తీస్తాయి. కొన్ని తాళంలో ఇరుక్కొని అసలు చెవిని దూరనివ్వవు. కొన్ని ఆ హార్మోను తయారీనే తగ్గిస్తాయి. ఇటువంటి రసాయనాల మీద 2009లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ అనే హార్మోను వైద్యుల సంఘం ఒక పెద్ద ప్రకటన చేసింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం కలిసి ఒక నివేదిక ఇచ్చి, ప్రభుత్వాలు దీనిపై శ్రద్ధ పెట్టాలని కోరాయి.

డబ్బా మీద ఒక్క మాట, లోపల ఎన్నో

ఇంటికి వెళ్లాక మీ సబ్బు కవరు, పౌడరు డబ్బా తిప్పి చూడండి. లోపల ఏమేమి ఉన్నాయో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. అందులో 'పర్‌ఫ్యూమ్' అనో 'ఫ్రాగ్రెన్స్' అనో ఒక్క మాట కనిపిస్తుంది. ఆ ఒక్క మాట వెనుక పదుల కొద్దీ రసాయనాలు ఉండవచ్చు. సువాసనల పరిశ్రమలో వాడే పదార్థాలు మూడు వేలకు పైనే. ఏ సెంటులో ఏది కలిపారన్నది కంపెనీవారి రహస్యం. హోటలు వాడు కూర పేరు చెబుతాడు గాని మసాలా చెప్పడు కదా, అలాగే.

వీటిలో హార్మోన్ల విషయంలో తరచూ వినిపించే పేర్లు మూడు.

మొదటిది థాలేట్లు. వాసన త్వరగా ఎగిరిపోకుండా పట్టి ఉంచడానికి, సెంటును పలుచన చేయడానికి డైఇథైల్ థాలేట్ అనే ద్రవం వాడతారు. మన దేశంలో అగరుబత్తులకు అద్దే సెంటును కలపడానికి కూడా దీన్ని వాడతారు. దీని అన్నదమ్ములైన మరికొన్ని థాలేట్లు గోళ్ల రంగులోను, మెత్తని ప్లాస్టిక్‌లోను వాడారు. వాటిలో కొన్నిటిని ఐరోపా దేశాలు సౌందర్య సాధనాలలో వాడకూడదని నిషేధించాయి. డైఇథైల్ థాలేట్‌కు ఆ నిషేధం లేదు.

రెండవది కృత్రిమ కస్తూరి. అసలు కస్తూరి అడవి మృగంనుండి వచ్చేది, చాలా ఖరీదు. 1888లో ఆల్బర్ట్ బావర్ అనే రసాయన శాస్త్రవేత్త పేలుడు పదార్థాల మీద పని చేస్తూ, కస్తూరి వాసన వచ్చే పదార్థాన్ని అనుకోకుండా తయారుచేశాడు. అక్కడినుండి చౌక కస్తూరి సబ్బుల్లోకి, బట్టల పొడుల్లోకి వచ్చింది. తరువాత కొత్త రకాలు వచ్చాయి. ఇవి నీళ్లలో కలిసి వెంటనే పోయేవి కావు, ఒంటి కొవ్వులో నిలిచే గుణం ఉన్నవి. తల్లిపాలలో కూడా వీటి ఆనవాళ్లు కనిపించాయి. ఈ మాట విని ఏ తల్లీ పాలివ్వడం మానకూడదు! తల్లిపాల వల్ల బిడ్డకు కలిగే మేలు చాలా పెద్దది. మానవలసింది సెంటు, పాలు కాదు.

మూడవది లిలియాల్ అనే పూల వాసన రసాయనం. ఇది సంతానోత్పత్తికి హాని చేసే గుణం కలదని తేల్చి, 2022 మార్చి 1 నుండి ఐరోపా సమాఖ్యలో సౌందర్య సాధనాలలో నిషేధించారు. అప్పటివరకు అది ఎన్నో షాంపూలలో, క్రీములలో మామూలుగా ఉండేది. నిన్నటివరకు మంచిదన్నదే రేపు వద్దనవచ్చు. అందుకే అవసరం లేనిచోట వాడకపోవడం తెలివైన పని.

ఏది తేలింది? ఏది తేలలేదు?

ఇక్కడ మీతో నిజాయితీగా మాట్లాడాలి. 'సెంటు పూసుకుంటే పిల్లలు పుట్టరు' అని ఎవరైనా చెబితే నమ్మకండి. అలా ఎవరూ తేల్చలేదు.

తేలింది ఏమిటంటే, కొన్ని థాలేట్లు కడుపుతో ఉన్న ఎలుకలకు ఇచ్చినప్పుడు మగ పిల్లల్లో టెస్టోస్టిరోన్ అనే పురుష హార్మోను తగ్గింది, జననాంగాల ఎదుగుదలలో లోపాలు వచ్చాయి. అదే పరీక్ష సెంటులో ఎక్కువగా వాడే డైఇథైల్ థాలేట్‌తో చేసినప్పుడు ఆ లోపాలు కనిపించలేదు. కాబట్టి అన్ని థాలేట్లను ఒకే గాటన కట్టకూడదు.

మరి మనుషుల్లో? అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని సాలినాస్ లోయలో వ్యవసాయ కూలీల కుటుంబాలను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. గర్భంతో ఉన్నప్పుడు తల్లుల మూత్రం పరీక్షించి, పుట్టిన పిల్లలు పెద్దవారయ్యే వరకు చూశారు. 338 మంది పిల్లల వివరాలతో 2018లో ఫలితం ప్రకటించారు. తల్లి మూత్రంలో డైఇథైల్ థాలేట్ ఆనవాలు రెట్టింపు ఉంటే, ఆడపిల్లల్లో యౌవన లక్షణాలలో ఒకటైన రోమాలు రావడం సుమారు 1.3 నెలలు ముందుగా మొదలైంది. ఇది చిన్న తేడాయే. పైగా ఈ రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని రుజువైనట్లు కాదు. అయినా తల్లి ఒంటి మీద పూసుకున్నది కడుపులో బిడ్డ దాకా వెళ్లవచ్చునన్న ఆలోచన మనకు కలగాలి.

ఇక మంచి కబురు. అదే సాలినాస్‌లో 100 మంది వయసు ఆడపిల్లలతో ఒక ప్రయత్నం చేశారు. మూడు రోజులు తమ మామూలు సబ్బులు, క్రీములు, షాంపూలు మాని, థాలేట్లు మొదలైనవి లేవని లేబులు మీద రాసిన వస్తువులు వాడమన్నారు. 2016లో వచ్చిన ఫలితం ప్రకారం మూడు రోజుల్లోనే వారి మూత్రంలో డైఇథైల్ థాలేట్ ఆనవాలు 27 శాతం తగ్గింది. క్రీములు పాడవకుండా కలిపే పారాబెన్‌లలో రెండు రకాలు 40 శాతానికి పైగా తగ్గాయి. కారణం ఏమిటంటే థాలేట్లు శరీరంలో ఎక్కువ కాలం నిలవవు. ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. రోజూ పూసుకుంటాం కాబట్టి రోజూ ఉంటాయి. పూసుకోవడం తగ్గిస్తే తగ్గిపోతాయి. అంటే మన చేతిలో ఉన్న విషయమే!

ఎవరు ఎక్కువ జాగ్రత్తపడాలి?

ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషి పెళ్లికి వెళుతూ కాస్త సెంటు చల్లుకుంటే నేను ఏమీ అనను. కాని ముగ్గురి విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను.

గర్భిణులు: మొదటి మూడు నెలల్లోనే బిడ్డ అవయవాలు ఏర్పడతాయి. కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే సుమారు 8 నుండి 14 వారాల మధ్య పురుష హార్మోను పనిచేసి జననాంగాలు సరిగా రూపుదిద్దుకోవాలి. ఆ కాలం ఒకసారి దాటితే మళ్లీ రాదు. చాలామందికి ఆ సమయానికి తాము గర్భవతులమని అప్పుడప్పుడే తెలుస్తుంది. అందుకే బిడ్డ కోసం ప్రయత్నించే రోజులనుండే తగ్గించుకోవడం మేలు.

పసిబిడ్డలు: బిడ్డ బరువు మూడు కిలోలు. ఆ బరువుతో పోల్చితే దాని చర్మం వైశాల్యం పెద్దవారికంటే చాలా ఎక్కువ. చర్మం పలుచన, కాలేయం ఇంకా పూర్తిగా పనిలోకి రాలేదు. మనకు చిటికెడు అన్నది బిడ్డకు గుప్పెడు.

యౌవనంలో అడుగుపెట్టే పిల్లలు: 8 నుండి 14 ఏళ్ల మధ్య పిల్లల్లో హార్మోన్లు కొత్తగా పనిలోకి దిగుతాయి. డియోడరెంటు, బాడీ స్ప్రే టీవీలో చూసి అడిగేదీ ఈ వయసువారే.

మన ఇంట్లో ఏమి మార్చుకోవచ్చు?

ఒక సులువైన సూత్రం గుర్తుంచుకోండి. కడిగేసే వస్తువుకంటే ఒంటి మీద ఉండిపోయే వస్తువు ముఖ్యం. సబ్బు నురగ నిమిషంలో నీళ్లతో పోతుంది. క్రీము, నూనె, పౌడరు, డియోడరెంటు మాత్రం పొద్దుటినుండి రాత్రి దాకా చర్మం మీదే ఉంటాయి. కాబట్టి ముందు వాటిని చూడండి.

1. పసిబిడ్డకు: పౌడరు అవసరం లేదు. ఈ మాట చెప్పగానే అమ్మమ్మలకు కోపం వస్తుంది. "పౌడరు వాసన లేకపోతే పసిబిడ్డ ఎట్లా అవుతుంది సిస్టర్?" అని అడుగుతారు. అమ్మా, పౌడరు దుమ్ము బిడ్డ ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. మెడ ముడతల్లో చెమటతో కలిసి ముద్దయి చర్మం ఒరుస్తుంది. ముడతలు మెత్తని గుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు. ఒళ్లు రుద్దడానికి వాసన కలపని కొబ్బరినూనె చాలు. పుట్టిన బిడ్డకు కనీసం 24 గంటలు స్నానం వద్దు. తరువాత కూడా గోరువెచ్చని నీళ్లు ముఖ్యం, సబ్బు కొంచెమే.

2. తల్లి రొమ్ముకు: పాలిచ్చే తల్లి రొమ్ము మీద, రవికె మీద సెంటు, పౌడరు వేయకండి. పుట్టిన బిడ్డ తల్లిని వాసనతో గుర్తుపడుతుంది. 1994లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఒక రొమ్ము కడిగి, రెండోది కడగకుండా ఉంచి చూస్తే, 30 మంది శిశువుల్లో 22 మంది కడగని రొమ్మువైపే వెళ్లారు. ఆ సహజ వాసనే బిడ్డకు దారి చూపుతుంది. దాన్ని సెంటుతో కప్పేయకండి.

3. సాంబ్రాణి, అగరుబత్తి: బాలింతకు, బిడ్డకు తలస్నానం తరువాత సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్లలో ఉన్న అలవాటు. పెద్దల ఉద్దేశం మంచిదే, తల ఆరి జలుబు చేయకూడదని. కాని పొగ ఏదైనా బిడ్డ ఊపిరితిత్తులకు చెడ్డదే. పొడి తువాలుతో తల ఒత్తి, గాలి తగలకుండా కప్పితే అదే పని అవుతుంది. అగరుబత్తి వెలిగించే ఆచారం ఉన్నవారు ఒక్కటి వెలిగించి, కిటికీ తెరచి, బిడ్డ పడుకునే గదికి దూరంగా ఉంచండి. తలుపులన్నీ మూసి కట్ట కాల్చకండి.

4. బట్టలకు: బిడ్డ బట్టలు, పక్కగుడ్డలు మామూలు సబ్బుతో ఉతికి, రెండుసార్లు జాడించి, ఎండలో ఆరవేయండి. చివర నీళ్లలో కలిపే వాసన ద్రవం వద్దు. బీరువాలో కలరా ఉండలు వేసిన బట్టలు బిడ్డకు తొడగకండి. ఇది హార్మోన్ల సంగతి కాదు గాని చెప్పక తప్పదు. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఆ ఉండల ఆవిరికి ఎర్ర రక్తకణాలు పగిలి, తీవ్రమైన పచ్చకామెర్లు వస్తాయి.

5. ఇంటికి: వాసన వచ్చేచోట సెంటు కొట్టడమంటే చెత్త మీద దుప్పటి కప్పడమే. బాత్‌రూము కంపు కొడితే నీళ్లు నిలిచాయా, గొట్టం పూడిందా చూడండి. వేలాడదీసే బిళ్లలు, స్ప్రేలు, కరెంటు ప్లగ్గుకు పెట్టే సువాసన సీసాలు తీసేయండి. చీపురు, నీళ్లు, మామూలు సబ్బు, ఎండ, గాలి ఉంటే ఇల్లు శుభ్రంగానే ఉంటుంది.

6. స్త్రీలకు: వాసన వేసిన ప్యాడ్లు, యోని శుభ్రతకని అమ్మే సువాసన ద్రవాలు వాడకండి. అక్కడి చర్మం చాలా సున్నితం. బయటివైపు మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు, లోపల ఏమీ పోయనవసరం లేదు. చెడు వాసన, తెల్లబట్ట, దురద ఉంటే అది జబ్బు గుర్తు. సెంటుతో దాచకుండా డాక్టరమ్మకు చూపించండి.

7. పురుషులకు: సోదరులారా, ఇది ఆడవారి సంగతి మాత్రమే అనుకోకండి. మీ మెడ మీద చల్లుకున్న సెంటే మీరు ఎత్తుకున్న బిడ్డ బుగ్గకు అంటుకుంటుంది. బిడ్డను ఎత్తుకోవాలనుకున్న రోజు సెంటు మానండి. ఆటో, కారు నడిపేవారు సువాసన సీసా తీసి అద్దాలు దించుకోండి.

ఇంకొక మాట. చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం ఎవరూ మానవద్దు. ఇంట్లో వాసన సబ్బే ఉంటే దానితోనే కడుక్కోండి. మలవిసర్జన తరువాత, వంటకు ముందు, బిడ్డను ఎత్తుకునే ముందు చేతులు కడగకపోతే వచ్చే ప్రమాదం సబ్బులోని వాసనకంటే ఎన్నో రెట్లు పెద్దది.

'నేచురల్' అని రాస్తే మంచిదేనా?

ఇప్పుడు చాలా డబ్బాల మీద ఆకు బొమ్మ వేసి 'నేచురల్', 'హెర్బల్' అని రాస్తున్నారు. ధర రెట్టింపు. లోపల 'పర్‌ఫ్యూమ్' అన్న మాట ఉందేమో చూడండి. చాలాసార్లు ఉంటుంది. 'అన్‌సెంటెడ్' అని రాసిన దానిలో కూడా అసలు వాసన తెలియకుండా చేయడానికి వేరే సెంటు కలపవచ్చు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అని ఉన్నది దానికంటే మేలు.

మొక్కనుండి తీసినదైనా హార్మోన్లను కదిలించదని చెప్పలేం. 2007లో అమెరికా వైద్యులు ముగ్గురు అబ్బాయిల విషయం రాశారు. యౌవనం రాకముందే వారికి రొమ్ములు పెరిగాయి. వారు లావెండర్, టీ ట్రీ నూనెలున్న సబ్బులు, లేపనాలు వాడుతున్నారు. అవి మానిన కొన్ని నెలలకు రొమ్ములు తగ్గాయి. తరువాత జరిగిన మరికొన్ని పరిశీలనల్లో అటువంటి సంబంధం కనిపించలేదు. వైద్యుల మధ్య ఇంకా చర్చ ఉంది. మనం నేర్చుకోవలసింది ఏమిటంటే, పిల్లల ఒంటికి రోజూ ఏ గాఢమైన సుగంధ తైలమూ అవసరం లేదు.

మీరు కొత్తగా ఖరీదైన వస్తువులు కొనవలసిన పని లేదు. పెద్దవారి తలకు కుంకుడుకాయ, శీకాయ, ఒంటికి పెసరపిండి మన ఊళ్లలో ఇంకా దొరుకుతాయి. కుంకుడు రసం కళ్లలో పడకుండా చూసుకోండి. అవి కుదరనివారు వాడే వస్తువుల సంఖ్య తగ్గించుకోండి. ఏడు వాడేచోట మూడు వాడితే అదే పెద్ద మార్పు.

మీరు తరచూ అడిగే ప్రశ్నలు

"నాకు థైరాయిడ్ సెంటు వల్ల వచ్చిందా సిస్టర్?" అని కొందరు అడుగుతారు. అలా చెప్పలేమమ్మా. థైరాయిడ్ జబ్బుకు, నెలసరి తేడాలకు, అండాశయాల్లో నీటి బుడగలకు, సంతానం ఆలస్యం కావడానికి వంశం, బరువు, వయసు, అయోడిన్, రోగనిరోధక శక్తిలో తేడాలు మొదలైన కారణాలు ఎన్నో ఉన్నాయి. సెంటు మానితే జబ్బు నయమవుతుందని ఆశపెట్టుకొని మాత్రలు ఆపకండి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవడం, చెప్పిన తేదీకి రక్త పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి. గర్భిణి అయితే మరీ ముఖ్యం.

"ఇన్నాళ్లు వాడాను, కడుపులో బిడ్డకు ఏమైనా అయి ఉంటుందా?" ఈ ప్రశ్న అడిగేటప్పుడు కొందరు తల్లుల కళ్లలో నీళ్లు వస్తాయి. కంగారుపడకండి. మామూలుగా సబ్బు, పౌడరు వాడిన కోట్లమంది తల్లులకు ఆరోగ్యమైన బిడ్డలు పుట్టారు. జరిగినదాని గురించి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. అత్తగారు, ఆడపడుచులు కూడా కోడలిని ఆ మాట అనకూడదు. ఈ రోజునుండి తగ్గిస్తే చాలు.

"మల్లెపూలు పెట్టుకోవచ్చా?" నిక్షేపంగా పెట్టుకోండి. తుమ్ములు, తలనొప్పి రానంతవరకు పూలతో చిక్కు లేదు. అత్తరు సంగతి వేరు. తక్కువ ధరకు అమ్మే అత్తరులు చాలావరకు పేరుకే అత్తరు.

"సెంటు మానితే ఇక థాలేట్ల బాధ ఉండదా?" కొంత తగ్గుతుంది. కొన్ని థాలేట్లు ప్లాస్టిక్ ద్వారా, ఆహారం ద్వారా కూడా వస్తాయి. వేడి టీ, వేడి సాంబారు ప్లాస్టిక్‌లో తెచ్చుకోకుండా స్టీలు క్యారియరు వాడండి.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు

వార్డులో మీ పక్క మంచం మీద ఆయాసం రోగి ఉండవచ్చు, నిన్న పుట్టిన బిడ్డ ఉండవచ్చు. రోగిని చూడడానికి వచ్చేటప్పుడు సెంటు, బాడీ స్ప్రే వేసుకోకండి. మంచం దగ్గర అగరుబత్తి వెలిగించకండి, స్ప్రే కొట్టకండి. వార్డులో వాసన వస్తుంటే మాకు చెప్పండి, శుభ్రం చేయిస్తాం. ఆ వాసన ఒక్కోసారి పుండు చీము పట్టిందని మాకు తెలిపే గుర్తు. సెంటు దాన్ని కప్పేస్తే మందు ఆలస్యమవుతుంది.

డాక్టరుకు తప్పక చూపించవలసిన గుర్తులు

ఆడపిల్లకు 8 ఏళ్లు నిండకముందే రొమ్ములు రావడం, మగపిల్లవాడికి 9 ఏళ్లలోపే యౌవన లక్షణాలు కనిపించడం.

చిన్న మగపిల్లల రొమ్ములో గడ్డలా తగలడం, పుట్టిన మగబిడ్డ సంచిలో వృషణం లేకపోవడం.

నెలసరి నెలల తరబడి రాకపోవడం, అతిగా రావడం.

ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోవడం. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే రావాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలి.

ఇవి ఉన్నంత మాత్రాన పెద్ద జబ్బు అని కాదు. ఆలస్యం చేయకుండా కారణం కనుక్కోవాలి.

గుర్తుంచుకోవలసినవి

• శుభ్రమైన వస్తువుకు వాసన ఉండనవసరం లేదు.
• ఒంటి మీద ఉండిపోయే వాటిలో సెంటును ముందు తగ్గించండి.
• గర్భిణికి, పసిబిడ్డకు సెంటు, పౌడరు, పొగ వద్దు.
• తల్లిపాలు, చేతులు కడగడం, డాక్టరు రాసిన మందులు ఎప్పుడూ మానవద్దు.
• డబ్బా తిప్పి చదవండి. చదవడం రాకపోతే బడికి వెళ్లే పిల్లలతో చదివించండి.

ఈ రాత్రి ఇంటికి వెళ్లి మీ అలమరలోని సీసాలన్నీ ఒక చోట పెట్టి చూడండి. వాటిలో ఇంటిల్లిపాదికీ నిజంగా అవసరమైనవి ఎన్నో మీరే తేల్చుకోండి. ఇక్కడ విన్నది రాలేనివారికి, ముఖ్యంగా కడుపుతో ఉన్న కోడలికి, పెళ్లి కావలసిన కూతురికి చెప్పండి. సందేహాలుంటే బయటి రోగుల విభాగంలో ఏ సిస్టరునైనా నిస్సంకోచంగా అడగండి.